మాట్లాడడం వచ్చిన యువతకు సంఘాన్ని నడపడం ఎలా నేర్పాలి?

సంధ్యారాగం అడిగిన ప్రశ్న

నమస్కారం. ఎల్‌జీబీటీక్యూఐ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్, క్వియర్, ఇంటర్‌సెక్స్) వ్యక్తుల హక్కుల కోసం పనిచేసే ఒక చిన్న సంఘంలో యువజన విభాగం బాధ్యత నేను చూస్తున్నాను. మా దగ్గరికి వచ్చే పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపు యువత హక్కుల గురించి మాట్లాడడంలో ఎవరికీ తీసిపోరు. కళాశాలల్లో ప్రసంగిస్తారు, సామాజిక మాధ్యమాల్లో సాగే దుష్ప్రచారానికి ఓపికగా జవాబులు రాస్తారు, విలేకరులు ఫోన్ చేస్తే తడబడకుండా సమాధానం చెబుతారు. అయితే ఒక సమావేశాన్ని అజెండా ప్రకారం నడిపి నిర్ణయం దాకా తీసుకురావడం, ఇద్దరు సభ్యుల మధ్య తలెత్తిన తగవును చల్లార్చడం, ఖర్చులకు లెక్క చూపడం, కుటుంబం ఇంట్లోంచి గెంటేసిన ఒకరికి ఆ రాత్రికి ఎక్కడ చోటు దొరుకుతుందో కనుక్కోవడం వంటి పనులు వచ్చేసరికి అందరి చూపూ మళ్లీ మా తరం వైపే తిరుగుతోంది.

అందుకని ఆరు నెలల శిక్షణ కార్యక్రమం ఒకటి రూపొందిస్తున్నాం. ముసాయిదాలో వారానికొక తరగతి ఉంది. చట్టాలు, ఉద్యమ చరిత్ర, ప్రసంగ కళ, పత్రికలతో వ్యవహారం అందులో ముఖ్యమైన అంశాలు. చివర ధ్రువపత్రం ఇస్తాం. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది గాని, దీన్ని పూర్తిచేసినవారు మరింత మంచి వక్తలవుతారే తప్ప బాధ్యతను తలకెత్తుకునేవారు అవుతారా అన్న సందేహం నన్ను వదలడం లేదు. అభ్యర్థులను ఏ ప్రాతిపదికన ఎంపిక చేయాలన్నదీ తేలలేదు. తమ గుర్తింపును బహిరంగంగా ప్రకటించినవారినే తీసుకోవాలని మా కమిటీలో కొందరు అంటున్నారు. ఇలాంటి శిక్షణ నడిపినవారు, పొందినవారు తమ అభిప్రాయం చెప్పగలరా?

ఉత్తరాయణం జవాబు

సంధ్యారాగం గారూ, మీ సందేహం సరైనదే. మీ ముసాయిదాలో చెప్పేవారున్నారు, వినేవారున్నారు, నిర్ణయం తీసుకునేవారు మాత్రం లేరు. తాము తీసుకున్న నిర్ణయం వల్ల ఏదో ఒకటి నిజంగా మారుతుందని తెలిసినప్పుడే మనిషి ఆ పనిని తనదిగా భావిస్తాడు. కాబట్టి తరగతులను సగానికి తగ్గించి, మీ సంఘం ఎలాగూ చేయవలసిన ఒక అసలైన పనిని, దాని బడ్జెట్‌తో సహా, ఈ బృందానికి అప్పగించండి. అది ఒక సదస్సు కావచ్చు, సహాయవాణి కావచ్చు, ఆసుపత్రి సిబ్బందికి అవగాహన కార్యక్రమం కావచ్చు. మాదిరి సమావేశాలు, నటించి చూపే తగవులు కొంతవరకు ఉపయోగపడతాయి గాని, అందులో ఎవరికీ నిద్ర పట్టకపోవడం ఉండదు.

ప్రసంగానికీ నిర్వహణకూ మధ్య దూరం ఎంతో చెప్పడానికి అమెరికాలో నల్లజాతీయుల పౌరహక్కుల కోసం 1963 ఆగస్టు 28న జరిగిన వాషింగ్టన్ యాత్రను మించిన ఉదాహరణ నాకు కనబడదు. ఆ రోజు మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగం లోకమంతటికీ గుర్తుంది. సుమారు రెండున్నర లక్షల మంది రాజధానికి వచ్చి క్షేమంగా తిరిగి వెళ్లడానికి కావలసిన బస్సులు, రైళ్లు, మంచినీళ్లు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స, మైకుల ఏర్పాటు, గొడవ రేగకుండా చూసేందుకు తర్ఫీదు పొందిన కార్యకర్తలు, ఈ మొత్తాన్ని రెండు నెలల వ్యవధిలో అమర్చినది మాత్రం బేయర్డ్ రస్టిన్. ఆయన గే అన్న సంగతి ప్రత్యర్థులకు ఆయుధమవుతుందన్న భయంతో కొందరు నాయకులు ఆయనను ముందు వరుసలోకి రానివ్వలేదు. అప్పుడు కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండల్ఫ్ సంచాలకుడి పదవిని తాను తీసుకుని, రస్టిన్‌ను ఉపసంచాలకుడిగా నియమించుకుని, పని మొత్తం ఆయన చేతికిచ్చారు. యాత్రకు కొద్ది రోజుల ముందు సెనేటర్ స్ట్రోమ్ థర్మండ్ చట్టసభలోనే రస్టిన్ వ్యక్తిగత జీవితాన్ని ఎత్తి దూషించినప్పుడు కూడా రాండల్ఫ్ బహిరంగంగా ఆయన పక్షాన నిలిచారు.

మీ యువత రస్టిన్ నుంచి ఎంత నేర్చుకోవాలో, మీ కమిటీ రాండల్ఫ్ నుంచి అంతే నేర్చుకోవాలని నా అభిప్రాయం. పని అప్పగించి దెబ్బలు మాత్రం తాను కాచుకునే పెద్దరికం చాలా సంఘాల్లో కరవు. శిక్షణ మొదలుకాక ముందే, ఏ నిర్ణయాలు పూర్తిగా యువతవో, ఏవి కమిటీతో కలిసి తీసుకోవలసినవో, ఎంత మొత్తం వరకు ఎవరినీ అడగకుండా ఖర్చు చేయవచ్చో రాసుకుని, దానిపై కమిటీ సభ్యులందరి సంతకాలు తీసుకోండి. లేకపోతే మొదటి చిక్కు వచ్చిన రోజునే పగ్గాలు మళ్లీ మీ చేతికి వచ్చేస్తాయి.

చిత్తుప్రతి జవాబు

ఉత్తరాయణం గారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను గాని, మాట్లాడడం అన్న నైపుణ్యాన్ని మరీ తేలిగ్గా పక్కన పెట్టవద్దు. వేదిక మీద మాట్లాడడం ఒకటి, ఎదుటి మనిషి గుమ్మంలో నిలబడి ఆయన చెప్పేది వినడం మరొకటి. రెండవదాన్ని నేర్పే శిక్షణ అరుదు.

2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహ హక్కును రద్దుచేసే ఎనిమిదవ ప్రతిపాదనను ఓటర్లు ఆమోదించారు. ఓడిపోయిన తరువాత లాస్ ఏంజెలెస్ ఎల్‌జీబీటీ సెంటర్ కార్యకర్తలు తమకు వ్యతిరేకంగా ఓటు వేసిన ప్రాంతాలకే వెళ్లి, తలుపు తట్టి, ఎందుకలా వేశారని అడగడం మొదలుపెట్టారు. వాదించి గెలవడం మానేసి, ఎదుటివారి జీవితంలో తమను చిన్నచూపు చూసిన సందర్భం ఏదైనా ఉందా అని అడిగి, వారు చెప్పేది విని, ఆ తరువాతే తమ సంగతి చెప్పే పద్ధతి ఆ సంభాషణల్లోంచి రూపుదిద్దుకుంది. కార్యకర్తలు ఆ సంభాషణలను వీడియో తీసుకుని, తరువాత బృందంగా కూర్చుని, ఎక్కడ ఎదుటివారు మనసు విప్పారో ఎక్కడ ముడుచుకుపోయారో పరిశీలించేవారు. నా దృష్టిలో అసలు శిక్షణ ఆ పరిశీలనలోనే ఉంది.

ఈ పద్ధతి ప్రభావం మీద మొదట వెలువడిన ఒక అధ్యయనంలోని సమాచారం నమ్మదగినది కాదని తేలి, 2015లో దాన్ని ఉపసంహరించారు. ఆ లోపాన్ని బయటపెట్టినవారిలో ఉన్న డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే పరిశోధకులే మయామిలో తాము స్వయంగా పరీక్ష జరిపి, 2016లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. సుమారు పది నిమిషాల సంభాషణ ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల ఉన్న దురభిప్రాయాన్ని తగ్గించిందనీ, ఆ మార్పు కనీసం మూడు నెలలు నిలిచిందనీ వారు చూపారు. మాట్లాడినవారు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులైనా కాకపోయినా ఫలితం కనిపించింది.

ఈ చివరి విషయం మీ కమిటీలోని చర్చకు నేరుగా సంబంధించినది. గుర్తింపును బహిరంగంగా ప్రకటించడాన్ని అర్హతగా పెట్టడం అనవసరం, ప్రమాదకరం కూడా. ఇంటి మీద, చదువు ఖర్చు మీద, ఉద్యోగం మీద పెద్దల పట్టు ఉన్న వయసులో ఒకరిని ఆ నిర్ణయం వైపు తోయడానికి మనకు హక్కు లేదు. లెక్కలు చూసేవారు, పరిశోధన చేసేవారు, అర్జీలు రాసేవారు, సహాయవాణిలో ఫోన్ ఎత్తేవారు తమ పేరు బయటికి రాకుండానే సంఘాన్ని నడపగలరు.

ఇంకొక మాట. సొంత కథ చెప్పడం నేర్పేటప్పుడు, దాన్ని చెప్పకుండా ఉండడం కూడా నేర్పండి. ప్రతి సభలోనూ అదే గాయాన్ని విప్పి చూపమని అడిగితే ఎంత ధైర్యవంతులైనా కొన్నాళ్లకు ఖాళీ అయిపోతారు. ఏ భాగం బహిరంగం, ఏ భాగం స్నేహితుల వరకే, ఏ ప్రశ్నకు మర్యాదగా జవాబు నిరాకరించాలి అన్నవి ముందుగానే రాసి పెట్టుకునే అభ్యాసం చేయించండి. చిత్రీకరణకు ఇచ్చిన అంగీకారాన్ని తరువాత వెనక్కి తీసుకునే వీలు మీ సంఘం నియమాల్లో ఉండాలి.

మధ్యస్థం జవాబు

పై ఇద్దరూ ఏం నేర్పాలన్నది చెప్పారు. ఎవరికి నేర్పాలన్న దగ్గరే నాకు అభ్యంతరాలున్నాయి. దరఖాస్తు, వ్యాసం, ఇంటర్వ్యూ అనే మూడు మెట్లు పెడితే ఇప్పటికే చక్కగా రాయగలవారు, మాట్లాడగలవారు మాత్రమే పైకి వస్తారు. శిక్షణ అవసరం తక్కువగా ఉన్నవారికే శిక్షణ దక్కుతుంది. గత ఏడాదిలో మీ సంఘంలో ఎవరు ఎవరికి ఆసరాగా నిలిచారో సభ్యులనే అడగండి. ఆసుపత్రికి తోడు వెళ్లినవారు, అర్ధరాత్రి ఫోన్ ఎత్తినవారు, అద్దె ఇల్లు వెతికిపెట్టినవారు ఎవరో వారికి తెలుసు. ఆ పేర్లలో ఒక్కసారి కూడా మైకు పట్టనివారు చాలామంది ఉంటారు.

అమెరికాకు చెందిన ట్రాన్స్ హక్కుల ఉద్యమకారిణి సిల్వియా రివేరా 1951లో పుట్టారు. 1970లో మార్షా పి. జాన్సన్‌తో కలిసి న్యూయార్క్‌లో స్టార్ అనే సంస్థను స్థాపించి, నిలువనీడ లేని ట్రాన్స్, క్వియర్ యువతకు ఆశ్రయం కల్పించే ఇల్లు నడిపే నాటికి ఆమెకు పందొమ్మిదేళ్లే. 1973లో అదే నగరంలో వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో జరిగిన ప్రైడ్ సభలో జైళ్లలో మగ్గుతున్న తనవారి గురించి మాట్లాడడానికి ఆమె పోరాడి వేదిక ఎక్కవలసి వచ్చింది, ఎక్కాక సొంత ఉద్యమంవారే గేలి చేశారు. నాయకులను తయారుచేస్తామనే ముందు, ఇప్పటికే నాయకత్వం వహిస్తున్న వారిని మనమే తోసిపుచ్చుతున్నామేమో చూసుకోవడం అవసరం. మీ ముసాయిదా ప్రకటన ఏ భాషలో ఉంది, తరగతి ఏ వేళలో పెడుతున్నారు, ఆ చోటికి చక్రాల కుర్చీ వెళ్తుందా, రోజు కూలి మానుకుని వచ్చేవారికి పరిహారం ఇస్తున్నారా అన్న వాటిని బట్టే ఎవరు వస్తారన్నది చాలావరకు తేలిపోతుంది. స్టైపెండ్ లేని నాయకత్వ శిక్షణ తీరిక ఉన్నవారి కోసమే జరుగుతుంది, అది ఎంత మంచి మనసుతో పెట్టినదైనా సరే.

నిపుణుల ఉపన్యాసాలపైనా ఒక మాట చెప్పాలి. ఎయిడ్స్ బాధితుల చికిత్స కోసం పోరాడేందుకు 1987 మార్చిలో న్యూయార్క్‌లో మొదలైన యాక్ట్ అప్ సంస్థలో సోమవారం రాత్రి సమావేశాలకు ఎవరైనా రావచ్చు. అందులో చికిత్సల సమాచారం చూసే బృందం ఒకటి ఉండేది. ఐరిస్ లాంగ్ అనే ఔషధ రసాయన శాస్త్రవేత్త ఆ బృందానికి మందుల పరీక్షలు ఎలా జరుగుతాయో పాఠాలు చెప్పారు. ఆమె నేర్పినదాన్ని వారు నోట్సులో ఉంచుకోలేదు. ఎయిడ్స్ మందుల ఆమోదం ఎందుకు ఆలస్యమవుతోందో, పరీక్షల్లోకి ఎవరిని రానివ్వడం లేదో అధికారులతో లెక్క ప్రకారం వాదించారు. 1988 అక్టోబరు 11న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయాన్ని ముట్టడించిన నాటికి ఏం కోరుతున్నారో వారి దగ్గర వివరంగా రాసి ఉంది. ఆ బృందంలోని మార్క్ హారింగ్టన్‌కు వైద్య విద్య నేపథ్యం లేదు. తరువాతి కాలంలో చికిత్సా పరిశోధన విధానాలపై పనిచేసే సంస్థకు ఆయన సారథి అయ్యారు. కాబట్టి చట్టం తరగతి పెడితే పెట్టండి గాని, అది ముగిసేసరికి ఒక అసలైన అర్జీ తయారై ఎవరో ఒక అధికారి బల్ల మీదికి చేరాలి.

సమావేశం నడపడాన్ని వంతులవారీగా అందరికీ అప్పగించండి. ఒకరు చర్చ నడుపుతారు, ఒకరు సమయం చూస్తారు, ఒకరు నిర్ణయాలు రాస్తారు, మరొకరు ఇంతవరకు నోరు విప్పనివారు ఎవరో గమనిస్తారు. ఎప్పుడూ ఒకరే నడిపితే ఆ ఒకరు లేని రోజున సంఘమే ఉండదు.

నిశాంత జవాబు

నేను వృత్తిరీత్యా మానసిక ఆరోగ్య సలహాదారును. శిక్షణ ముసాయిదాల్లో చివర ఒక పూట కేటాయించి ముగించే అంశమొకటి ఉంటుంది, దాన్ని మొదటికి తేవాలని నా విన్నపం. ఈ యువత తాము ఇంకా తట్టుకుంటున్న బాధనే ఇతరుల విషయంలో తీర్చడానికి పూనుకుంటున్నారు. ఆత్మహత్య ఆలోచనలు చెప్పుకునే ఒక ఫోన్ కాల్ వారికి ఎప్పుడో ఒకప్పుడు తప్పక వస్తుంది. అప్పుడు ఏం అడగాలి, ఏ మాట అనకూడదు, ఆ కాల్‌ను ఎవరికి అందించాలి, అందించిన తరువాత తాము ఎవరితో మాట్లాడాలి అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. వైద్యం చేయడం వారి పని కాదని, సరైన చోటికి చేర్చడమే వారి పని అని మొదటి వారంలోనే స్పష్టంగా చెప్పండి. ఈ హద్దు తెలియక అన్నీ తమ భుజాన వేసుకుని, సంవత్సరం తిరగకుండానే ఉద్యమానికే దూరమైనవారిని నేను చూస్తూ ఉంటాను.

మార్గదర్శకులుగా ఉండే పెద్దల ప్రవర్తనకు నియమావళి అవసరం. ఇంట్లో ఆదరణ దొరకనివారు మొదటిసారి తమను అర్థం చేసుకున్న పెద్దలను కళ్లు మూసుకుని నమ్ముతారు, ఆ నమ్మకాన్ని దుర్వినియోగం చేయడం చాలా తేలిక. ఒంటరి సమావేశాలు ఎక్కడ జరగాలి, శిక్షణ కాలంలో మార్గదర్శకులకూ శిక్షణార్థులకూ మధ్య ఎలాంటి సంబంధాలు నిషిద్ధం, ఫిర్యాదు వస్తే కమిటీతో సంబంధం లేని ఎవరు విచారిస్తారు అన్నవి ప్రారంభం రోజునే అందరి చేతిలో ఉండాలి. మన వాళ్లే కదా అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. దరఖాస్తులు, హాజరు పట్టికలు, ఫొటోల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. అసలు పేర్లున్న జాబితా ఇద్దరికి మించి అందుబాటులో ఉండకూడదు. వాట్సాప్ గుంపులో సభ్యుల ఫోన్ నంబర్లు అందరికీ కనిపిస్తాయన్న సంగతిని చాలామంది పట్టించుకోరు.

ఒక లోపాన్ని కూడా ఎత్తిచూపాలి. సంఘాల పేరులో ఇంటర్‌సెక్స్ వ్యక్తులు, అంటే పుట్టుకతోనే శారీరక లక్షణాలు పూర్తిగా ఆడ లేదా మగ అన్న చట్రంలో ఇమడనివారు, ఉంటారు, పాఠ్యాంశాల్లో ఉండరు. వారి ప్రధాన సమస్య ఎవరిని ప్రేమిస్తారన్నది కాదు. ప్రాణానికి ముప్పు లేకపోయినా పసితనంలోనే వారి అనుమతి లేకుండా చేసే శస్త్రచికిత్సలు. మాల్టా 2015లో చట్టం చేసి వీటిని నిషేధించింది. 2019లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో ఇలాంటి శస్త్రచికిత్సలను నిషేధించాలని తమిళనాడు ప్రభుత్వాన్ని ఆదేశించింది. పసిబిడ్డ తల్లిదండ్రులతో, పిల్లల వైద్యులతో మాట్లాడగలగడం పూర్తిగా వేరే నైపుణ్యం. ఆ పాఠాన్ని ఇంటర్‌సెక్స్ వ్యక్తులే రూపొందించాలి.

ఓటమిని తట్టుకోవడం గురించి కూడా చెప్పండి. స్వలింగ సంబంధాలను నేరంగా పరిగణించిన 377వ సెక్షన్‌పై ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ పడింది 2001లో. 2009లో గెలుపు వచ్చింది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది, 2018 సెప్టెంబరు 6న గాని అది నేరం కాదన్న చివరి తీర్పు రాలేదు. 2013 డిసెంబరు తీర్పు వెలువడిన మరునాడు సంఘాల కార్యాలయాల్లో ఏం చేయవలసి ఉండిందో, అంటే భయపడినవారికి ధైర్యం చెప్పడం, కొత్త చట్టపరమైన ప్రమాదాలు వివరించడం, పత్రికలకు జవాబివ్వడం, తామూ ఏడవడానికి కాస్త చోటు వెతుక్కోవడం, దాన్ని ఒక పూట అభ్యాసంగా చేయించవచ్చు. ఆరు నెలల్లో ఫలితం చూపమని నిధులిచ్చేవారు అడుగుతారు. పదిహేడేళ్లు పట్టే పనికి మనుషులను తయారుచేస్తున్నామని వారికి ఓపికగా వివరించవలసింది మీరే.

సంధ్యారాగం

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను కమిటీ ముందు పెట్టాను. గుర్తింపును ప్రకటించాలన్న నిబంధన తొలగిపోయింది. అభ్యర్థుల పేర్లను సభ్యులే సూచించే పద్ధతికి ఒప్పుకున్నారు, స్టైపెండ్ కోసం రెండు ఉపన్యాసాల ఖర్చును మళ్లిస్తున్నాం. ఫిర్యాదులు వినడానికి బయటివారిని వెతుకుతున్నాం. డబ్బు అప్పగించే దగ్గర మాత్రం కోశాధికారి ససేమిరా అంటున్నారు. లెక్క తప్పితే సంఘం రిజిస్ట్రేషన్‌కే ముప్పని ఆయన వాదన, దాన్ని కొట్టిపారేయలేకపోతున్నాను. ఉత్తరాయణం గారూ, దీనికేమంటారు?

ఉత్తరాయణం

ఆయన భయం న్యాయమైనదే. మన సంఘాల మీద నిఘా ఎక్కువ, చిన్న లోపాన్ని కూడా పెద్దది చేయాలని చూసేవారు తక్కువేమీ కాదు. అందుకని డబ్బును యువతకు దూరంగా ఉంచే బదులు ఆయననే మార్గదర్శకుడిగా పెట్టండి. మొదటి నెల ఆయన రాసే పద్దును ఇద్దరు శిక్షణార్థులు పక్కన కూర్చుని చూస్తారు. రెండవ నెల వారు రాస్తారు, ఆయన సరిచూస్తారు. మూడవ నెల నుంచి ఒక పరిమిత మొత్తం వారి అధీనంలో ఉంటుంది; ఏ ఖర్చుకైనా శిక్షణార్థులిద్దరి సంతకాలు, రసీదు తప్పనిసరి, నెలాఖరున లెక్కను సభ్యులందరి ముందు చదివి వినిపించేది కూడా వారే. ఖర్చు ఎందుకైందని తోటివారు అడిగే ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పడం ఏ తరగతిలోనూ దొరకదు. బ్యాంకు ఖాతా మీద చట్టబద్ధమైన సంతకం మాత్రం కోశాధికారి దగ్గరే ఉండనివ్వండి, ఆయనకూ నిద్ర పట్టాలి కదా. శిక్షణ పూర్తయ్యాక వచ్చే సర్వసభ్య సమావేశంలో ఉప కోశాధికారి పదవిని కొత్తగా సృష్టించి, దానికి ఈ ఇద్దరిలో ఒకరి పేరు ప్రతిపాదించమని ఆయననే అడగండి. పదవి లేకుండా పని మాత్రమే నేర్పితే, నేర్చుకున్నవారు మరో సంస్థకు వెళ్లిపోతారు.